మస్తిష్కమున వాక్యాన్వయము : పాల్ బ్రోకా

వాక్కు లోపించుటకు మస్తిష్కక్షతి హేతువని నిరూపించిన వారిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా అగ్రగణ్యుడు. ఈయన 1824 జూన్ 28న సెంత్-ఫ్వా-లా-గ్రాండ్ పట్టణమున జన్మించి, పారిస్ నగరమున వైద్యవిద్య నభ్యసించెను.

1861లో బిసెత్ర్ వైద్యశాలలో నొక రోగి పరుల మాటలను చాలవరకు గ్రహించుచుండియు, తాను ప్రాయికముగా టాన్ అను ధ్వనినే పలుకుచుండెను. ఆతని మరణానంతరము బ్రోకా మస్తిష్కమును పరీక్షించి, ఎడమ పూర్వభాగమున క్షతిని కనుగొనెను. మరికొందరిని పరిశీలించి, వాక్శక్తికి సామాన్యముగా వామార్ధమే ఆశ్రయమని 1865లో ప్రతిపాదించెను. 1880 జూలై 9న దివంగతుడయ్యెను.

బ్రోకా విచారము ప్రధానముగా భాషణవిషయకము. 1976లో కారమాజా, జూరిఫ్ అను పరిశోధకులు అట్టి రోగుల వాక్యబోధను ఆంగ్లమున పరీక్షించిరి. బాలుడు తినుచున్న ఫలమును గూర్చిన సంశ్లిష్టవాక్యము వారికి బోధపడెను. ఫలము బాలుని తినజాలదు గనుక యోగ్యతయే తోడ్పడెను. బాలుడు తరుముచున్న బాలికను గూర్చిన వాక్యమున వారు తడబడిరి. ఆంగ్లనామములకు ద్వితీయావిభక్తి ప్రత్యయము లేదు. కర్తృకర్మ వివేకము పదక్రమాధీనము. ఉచ్చారణతోపాటు అన్వయశక్తియు కుంటువడినదని ఇట్లు తేలెను.

బ్రోకా తొలిరోగి మస్తిష్కమును ఖండింపక భద్రపఱచెను. తత్కారణముననే 2007లో అయస్కాంతయంత్రముతో దానిని పరిశీలింప వీలయ్యెను. క్షతి లోపలి భాగములకును వ్యాపించియుండుట తెలిసెను. వాక్శక్తి ఏకస్థానమాత్రాధీనము కాదను నేటి నిర్ణయమునకు ఆయన సంరక్షించిన మస్తిష్కమే సాక్ష్యమైనది.