ఆశక్క ఇచ్చే గోలి వెనుక మనోడున్నడు

ఊరూరికి ఆశక్క వచ్చి, బోదకాలు రాకుండ డీఈసీ గోలీలు దగ్గరుండి మింగిస్తది గదా. ఆ గోలి వెనుక ఓ తెలుగోడున్నడని ఎంతమందికి ఎరుక? పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895ల భీమవరంల పుట్టిండు.

మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిండు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతోని కొద్దిదినాల తేడాల పోయిండ్రు. మద్రాస్ మెడికల్ కాలేజీల ఖద్దరు బట్టలేసుకున్నడని తెల్ల ప్రొఫెసర్‌కు మంట. ఎంబీబీఎస్ ఇయ్యలే, ఎల్ఎంఎస్ అనే చిన్న పట్టా చేతుల పెట్టిండ్రు.

అయినా ఆగలే. అమెరికా పోయి హార్వర్డ్‌ల చేరిండు. పొట్టకూటికి రాత్రిపూట దవాఖానల రోగుల మలమూత్రాలు ఎత్తిండు. ఒంట్లె శక్తిని మోసే ఏటీపీని ఫిస్కేతోని కలిసి పట్టుకున్నడు. గంత చేసినా పర్మినెంట్ కొలువియ్యలే. 1940ల లెడర్లీ మందుల కంపెనీకి పోయిండు.

అక్కడ ఆయన టీము ఫోలిక్ యాసిడ్ తయారుజేసింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకు అదే మందైంది. బోదకాలు గోలి గూడ అక్కడ్నే పుట్టింది.

రక్తక్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందిస్తే జబ్బు ఇంక ఎగబాకుతున్నట్టు బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. మరి దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు టీము అచ్చం అట్లనే కనబడే దొంగమందు, అమినోప్టెరిన్ చేసి పంపింది. క్యాన్సర్ కణం దాన్ని అసలుదనుకొని తీసుకుంటది, పెరగలేక ఆగుతది. 16 మంది పిల్లలల్ల 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కు తగ్గింది. 1948ల లోకానికి తెల్సింది. అదే ఏడు ఆగస్టుల సుబ్బారావు నిద్రల్నే కన్నుమూసిండు. 53 ఏండ్లు. నోబెల్ రాలే.

ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇయ్యాల్టికీ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తున్నరు. అగ్గువకే దొరుకుతది.

ఇప్పుడు ముదిరిన క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ వచ్చింది. ఇది వేరే తొవ్వ. మన రక్షణ కణాలకు క్యాన్సర్ ఏసిన బ్రేకు తీసి, మళ్ల కొట్లాటకు దించుతది. అందరికీ పనిచెయ్యదు, పనిచేస్తే కొందరికి ఏండ్లకేండ్ల బతుకు. గని ఖర్చు లక్షలల్ల. రెండెకరాలోడు ఆ రెండెకరాలు అమ్మినా ఒడువదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, బోదకాలు గోలి దానంతటదే మన గడపకు నడిచి రాలే. సర్కారు కొని పంచాలని పట్టుబట్టింది కాబట్టి వచ్చింది. గీ ఇంజెక్షన్లు గూడ సర్కారు దవాఖానకు రావాలె. ఓట్లకొచ్చినోళ్లను నిలబెట్టి అడుగుండ్రి.