ధర్మపురి శేషప్ప కవి

గోదావరిఖని బొగ్గుగనులకు ఎగువన, గోదావరీ తీరమున, ధర్మపురి నరసింహక్షేత్రము కలదు. శేషప్ప కవి అచటివాడు. నరసింహ శతకము, నరహరి శతకము ఆయన కృతులు. తాను అమరమును గాని పంచకావ్యములను గాని చదువలేదని శతకములోనే ఒప్పుకొనెను. బ్రతుకంతయు అవియే పాఠము చెప్పిన నావంటివాడు ఆ మాటకు తలవంచుకొనవలసినదే. ధనము, పల్లకి ఆయన యాచింపలేదు, మోక్షమొక్కటే కోరెను.

ఆయనను బాధించిన భయము వేరు. ఊపిరి ఉన్నంతకాలము భజన మానడు సరే. కఫము కంఠమునకు అడ్డుపడిననాడు నాలుక నామము పలుకునా? యమధర్మరాజునకు కోవెల గల క్షేత్రమున కలిగిన భయమిది! ముకుందమాలలో కులశేఖరాళ్వారుల చింతయు ఇదియే. శేషప్ప ఒక ఉపాయము కనుగొనెను: ఆనాటి నామమును ఈనాడే, తెలివి ఉండగానే, స్వామికి చెల్లించుట. వరాహ చరమశ్లోకము ఎరిగినవారికి ఈ బేరము చెల్లునని తెలియును. కట్టెవలె, రాయివలె పడియున్న భక్తుని తానే తలచుకొని తీసికొనిపోవుదునని స్వామి మాట యిచ్చెను గదా.

ఒకప్పుడు గోదావరిఖనిలో, గనిపని విరమించిన ఒక వృద్ధుని కడపటి రాత్రి నేను చెంతనుంటిని. ఆయనకు మాట పడిపోయినది. అలిగి చిరకాలము దూరముగా నున్న కుమారుడు వచ్చి, బాల్యమున తండ్రియే నేర్పిన శేషప్ప పద్యమును చెవిలో చదివెను. వృద్ధుని పెదవులు కదలినవి.