పదవి వదులుకున్న కార్మిక మంత్రి
శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు 1894లో బరంపురంలో జన్మించారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, 1916లో స్వదేశానికి వచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరిచారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యమూ, కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తగవు తీర్చుకోవాలనీ, ట్రిబ్యునల్ చివరి మార్గమే కావాలనీ వారి సిద్ధాంతం. అయినా బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం తగ్గించినప్పుడు, 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు.

1969లో రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న పొందారు. 1980లో స్వర్గస్థులయ్యారు. గుమాస్తాగా బతుకంతా ఫైళ్లు రాసిన నాకు మాత్రం వారి రాష్ట్రపతి పదవికన్నా ఆ రాజీనామాయే గొప్పదనిపిస్తుంది. ఇచ్చిన తీర్పును పైవారే దిద్దేస్తే, కింది ఉద్యోగి ఇక ఎవరిని నమ్ముతాడు?