కెంపుకు రంధ్రం చేసిన గణితవేత్త

హెచ్.ఎం.టి. వారి జనతా గడియారాన్ని ముంజేతికి ధరించిన మన పెద్దలు, దాని ముఖఫలకంపై 17 జ్యుయెల్స్ అన్న చిన్న అక్షరాలను చూచే ఉంటారు. లోపల యంత్రంలో ఒదిగి ఉండే ఆ రత్నాలు ధరించినవారి కంటికి కనబడవు. వాటిని గడియారంలో పొదిగే విద్యకు ఆద్యుడు నికొలాస్ ఫాటియో. ఇతడు 1664లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించాడు.

ఫాటియో దృష్టి మొదటినుండీ ఆకాశం మీదనే. ఇరువదేళ్లు నిండకముందే పారిస్ చేరి, ప్రఖ్యాత ఖగోళవేత్త కసీనీ వద్ద పరిశోధన చేశాడు. సంధ్యవేళల్లో దిగంతాన కనిపించే మసక వెలుగు, అంతరిక్షంలోని సూక్ష్మకణాలపై పడి చెదరిన సూర్యకాంతియేనని వివరించాడు. ఆ వివరణ నేటికీ నిలిచి ఉంది. 1687లో లండన్ వెళ్లి, మరుసటి ఏడే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. న్యూటన్ అంతటివాడు ఇతనికి ఆప్తమిత్రుడైనాడు. 1693 తరువాత ఆ మైత్రి ఎందుకో సన్నగిల్లింది. అయినను, కలనగణితాన్ని లైబ్నిజ్ న్యూటన్ నుండి గ్రహించాడేమోనన్న అనుమానాన్ని 1699లో అచ్చులో వెలిబుచ్చినవాడు ఫాటియోయే. దాని నుండి రగిలిన కలహం యూరపు పండితలోకాన్ని రెండుగా చీల్చింది. ఇది ఇతని కీర్తికి వన్నె తెచ్చిన పని కాదు. గురుత్వాకర్షణకు కారణం చెప్పబూని ఇతడు నిర్మించిన సిద్ధాంతమూ నిలువలేదు.

నిలిచినది కెంపు. నాటి గడియారాలలో ఉక్కు ఇరుసుల మొనలు ఇత్తడి రేకుల రంధ్రాలలో తిరిగేవి. ఇత్తడి మెత్తని లోహం. రాపిడికి రంధ్రం అరిగి కోలగా మారుతుంది. రాలిన పొడి నూనెలో కలసి జిగురవుతుంది. చక్రం ఒరిగి కాలం తప్పుతుంది. జనతా వంటి గడియారంలో తులాచక్రం రోజుకు 4,32,000 సార్లు ఊగుతుందని గుర్తుంచుకుంటే, ఈ అరుగుదల ఎంతటి శత్రువో తెలుస్తుంది. కాఠిన్యంలో కెంపు వజ్రానికే తీసిపోతుంది. నునుపు చేసిన కెంపు రంధ్రంలో ఇరుసు మొన తేలికగా తిరుగుతుంది, నూనె చెడదు. అయితే అంత కఠినమైన రాతికి వెంట్రుకవంటి సన్నని రంధ్రం చేయడమెట్లు? ఆ మార్గం ఫాటియోకు తెలిసింది. పీటర్, జేకబ్ డెబాఫ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి గడియార నిర్మాతలతో కలసి, 1704లో పదునాలుగేళ్లకు పేటెంటు పొందాడు.

ఆ హక్కును మరింత విస్తరింపజేయుమని వారు పార్లమెంటును ఆశ్రయించారు. లండన్ గడియార నిర్మాతల సంఘం ఎదురు తిరిగింది. ఇగ్నేషియస్ హగ్గెఫర్డ్ అనునతడు పూర్వమే చేసిన గడియారాన్ని తెచ్చి, ఇదిగో ఇందులోనూ రత్నమున్నది, ఇందు క్రొత్తదనమేమున్నదని వాదించింది. బిల్లు వీగిపోయింది. లాభం ఇతరులదైనను విద్య మాత్రం ఇంగ్లండులో వేళ్లూనింది. సముద్రంపై రేఖాంశాన్ని తెలుపుటకు జాన్ హారిసన్ 1759లో పూర్తిచేసిన గడియారంలోనూ కెంపులున్నాయి.

ఫాటియో పరాజయం అంతటితో ముగియలేదు. ఫ్రాన్సు నుండి పారిపోయి వచ్చి భవిష్యవాణి చెప్పుకొనే కొందరిని ఇతడు నమ్మి వెంట నడిచాడు. న్యాయస్థానం శిక్ష విధించగా, 1707 డిసెంబరులో నడివీధిలో మెడా చేతులూ బిగించి బొండకొయ్యలో నిలబెట్టారు. న్యూటన్ సరసన కూర్చున్న పండితుడు జనం ఎగతాళికి గురియైనాడు. నమ్మినది తప్పైనను, నమ్మకం కోసం ఆ అవమానాన్ని భరించినవానిని చిన్నచూపు చూడ మనసొప్పదు. తుదకు వూస్టర్ ప్రాంతంలో స్థిరపడి, 1753లో ఎనుబదితొమ్మిదవ ఏట కన్నుమూశాడు.

1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నెయ్ కృత్రిమ కెంపుల తయారీని ప్రకటించాక గాని, ఈ రత్నాలు సామాన్యుని చేతికి అందలేదు.

ఆ హగ్గెఫర్డ్ గడియారాన్ని సంఘంవారు పదిలంగా దాచుకున్నారు. తరువాతి కాలంలో ఎవరో దానిని విప్పి పరీక్షించారు. అందులోని రాయి కేవలం సింగారానికి అతికించినది. దాని క్రింద ఏ ఇరుసూ తిరుగుట లేదు.