బదిలీ ఊళ్ళలో పుట్టిన నవలలు

పిల్లలూ! వందేమాతరం రాసింది ఎవరని క్విజ్‌లో అడిగితే మీరంతా చెయ్యెత్తి బంకించంద్ర ఛటర్జీ అని చెబుతారు. కానీ ఆయన కూడా మీలాగే బదిలీ ఉద్యోగి ఇంట్లో పెరిగాడనీ, పెద్దయ్యాక తానూ మనలాగే సామాను సర్దుకుంటూ ఊరూరూ తిరిగాడనీ చాలామందికి తెలియదు. ఆ తిరుగుడు మధ్యనే ఒక గొప్ప చారిత్రక ప్రేమకథ పుట్టింది. ఈ సంచికలో మనం ఆ కథ గురించీ, దాన్ని రాసినాయన గురించీ చెప్పుకుందాం.

బంకిం 1838లో కలకత్తాకు దగ్గర, నైహాటి పక్కనున్న కాంఠాలపాడ గ్రామంలో పుట్టారు. తండ్రి జాదవచంద్ర డిప్యూటీ కలెక్టరు. ఆయన మేదినీపూర్‌లో పనిచేస్తున్నప్పుడు బంకిం అక్కడి ఇంగ్లీషు బడిలో చదివారు. తర్వాత సొంతూరికి తిరిగివచ్చి, గంగకు అవతలి ఒడ్డున ఉన్న హుగ్లీ కాలేజీలో చేరారు. ఆ పైన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళారు. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయం తొలిసారి బీఏ పట్టాలు ఇచ్చినప్పుడు వాటిని అందుకున్నది ఇద్దరే. ఒకరు జదునాథ్ బోస్, రెండోవారు మన బంకిం.

అదే ఏడాది, 20 ఏళ్ళ వయసులో ఆయన డిప్యూటీ మేజిస్ట్రేటు అయ్యారు. మొదటి పోస్టింగు జెస్సోర్. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ నాటక రచయిత దీనబంధు మిత్రతో స్నేహం కుదిరింది. తపాలా శాఖలో పనిచేసే దీనబంధుదీ బదిలీల బతుకే. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. అయితే కొత్త ఉద్యోగంలో కుదురుకోకముందే, 1859లో, బంకిం భార్య చనిపోయారు. మరుసటి ఏడాది రాజలక్ష్మీదేవితో ఆయనకు రెండో పెళ్ళి జరిగింది. బదిలీలు మాత్రం ఆగలేదు.

1860లో సముద్రతీరానికి దగ్గరగా ఉండే నేగువాకు వేశారు. ఇసుక దిబ్బలు, అడవి, రాత్రంతా అలల హోరు. అక్కడున్న రోజుల్లో ఒక కాపాలికుడు రాత్రివేళ ఆయన ఇంటికి వచ్చేవాడని కుటుంబంవాళ్ళు చెప్పేవారు. ఆ తీరమూ, ఆ కాపాలికుడూ ఆయన మనసులో ఉండిపోయారు. ఆరేళ్ళ తర్వాత కపాలకుండల నవలలో ఇద్దరికీ చోటు దొరికింది. తర్వాతి పోస్టింగు ఖుల్నా. పగలంతా నదుల మీద దోచుకునే దొంగలనూ, రైతులను పీడించే నీలిమందు తోటల దొరలనూ అదుపు చేసే పని. రాత్రి దీపం ముందు రాసుకునే పని.

ఆయన మొదటి నవలను ఏ భాషలో రాశారో ఊహించగలరా? ఇంగ్లీషులో! రాజ్‌మోహన్స్ వైఫ్ అనే ఆ నవల 1864లో ఒక వారపత్రికలో వచ్చింది. ఆయన బతికుండగా అది పుస్తకంగా రానేలేదు. బంకిం ఇంగ్లీషు చక్కగా వచ్చినవారు. కచేరీలో కాగితాలన్నీ ఇంగ్లీషే, పై అధికారులతో మాటలూ ఇంగ్లీషే. అయినా ఇంట్లో అమ్మ, చెల్లెళ్ళు, వీధిలో దుకాణదారు చదవలేని భాషలో కథ చెబితే ఎవరికి చేరుతుంది? ఆయన మాతృభాషకు తిరిగి వచ్చారు. మరుసటి ఏడాదే, 1865లో, బెంగాలీలో దుర్గేశనందిని అచ్చయింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ కథకు విత్తనం చిన్నప్పుడే పడింది. మందారణ్ కోట గురించి ఇంటి పెద్ద ఒకరు చెప్పిన ముచ్చట అది. కాలం 1590 ప్రాంతం, అక్బరు రోజులు. బెంగాలులో మొఘలులకూ పఠాన్లకూ యుద్ధం. మాన్‌సింగ్ కొడుకు జగత్‌సింగ్ గుర్రం మీద ఒంటరిగా వస్తుంటే గాలివాన పట్టుకుంటుంది. శైలేశ్వరుని గుడిలో తలదాచుకుంటాడు. చీకట్లో అక్కడ ఇద్దరు స్త్రీలు. వాళ్ళెవరో చెప్పరు. చిన్నామె తిలోత్తమ, కోట ప్రభువు కూతురు. దుర్గేశనందిని అంటే ఆమే. ఆమె వెంట ఉన్న తెలివైన విమల ఎవరు? దాసీ అంటారు, కానీ దాసీలా ఉండదు. కథ సగం దాటినా ఆ ముడి వీడదు. ఈలోగా పఠాన్లు కోటను పట్టుకుంటారు. గాయపడి బందీ అయిన జగత్‌సింగ్‌కు పఠాను నవాబు కూతురు ఆయేషా సేవ చేస్తుంది. శత్రువును ప్రేమించి, అతను మరొకరివాడని తెలిసి కూడా మేలే కోరుతుంది. చదివినవాళ్ళెవరూ ఆయేషాను మరిచిపోలేరు.

కొందరు పండితులు ఆ భాషను తప్పుపట్టారు. బరువైన సంస్కృత పదాల పక్కన వాడుక మాటలు పెట్టాడని వాళ్ళ కోపం. పాఠకులు మాత్రం పుస్తకాన్ని వదల్లేదు. ఆ తర్వాత ప్రతి ఊరూ ఏదో ఒకటి ఇచ్చింది. బహరంపూర్‌లో పనిచేస్తూ (మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఒడిశాలోని బరంపురం కాదు, ఇది ముర్షిదాబాదు జిల్లాలోది) 1872లో బంగదర్శన్ పత్రిక మొదలుపెట్టారు. 1882లో ఆనందమఠం పుస్తకంగా వచ్చింది. వందేమాతరం అందులోదే. ఒడిశాలోని జాజ్‌పూర్‌కు బదిలీ అయినప్పుడు చూసిన లలితగిరి శిల్పాలు సీతారాం నవలలోకి ఎక్కాయి. 1891లో పదవీ విరమణ చేశారు, 1894 ఏప్రిల్ 8న కన్నుమూశారు.

తర్వాత ఆయన నవలలు తెలుగులోకీ వచ్చాయి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు రాజమహేంద్రవరం విద్యార్థులు శిక్షకు గురయ్యారు. ఎక్కడో బెంగాలులో, ఇంటి భాషలో రాసిన మాట గోదావరి దాకా వచ్చిందన్నమాట.

పిల్లలూ, బదిలీ వచ్చినప్పుడు మనం క్వార్టరు అప్పగిస్తాం, స్నేహితులకు టాటా చెబుతాం. భాషను అప్పగించమని మాత్రం ఎవరూ అడగరు. దాన్ని మనమే మరిచిపోతేనే పోతుంది. ఈ సెలవుల్లో మీరున్న ఊరిలోని పాత కోటో, గుడో, చెరువో చూసి, దాని కథ అక్కడి పెద్దల్ని అడగండి. ఒక పేజీ తెలుగులో రాయండి. అక్షరదోషాలు మేము దిద్దుతాం, భయపడకండి. వీలైతే దుర్గేశనందిని తెలుగు అనువాదం సంపాదించి చదవండి. విమల ఎవరో మేము చెప్పం. కనిపెట్టినవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పకండి!