గజ్జ బిళ్లను చూసి ప్లేగును పసిగట్టిన డాక్టర్ వియెగాస్

ముంబయిలో కామాఠిపురా అంటే మనవాళ్ల పేట. కట్టడం పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కూలీల వల్లే దానికి ఆ పేరు వచ్చింది. 1896లో ఆ నగరాన్ని ప్లేగు చుట్టుముట్టినప్పుడు, దాన్ని మొదట గుర్తించిన వైద్యుడు డాక్టర్ అకాసియో గాబ్రియెల్ వియెగాస్. ఆయన కథ మనకూ సంబంధించినదే.

వియెగాస్ 1856లో గోవాలోని అర్పోరాలో పుట్టారు. బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివి, రేవు పక్కనున్న మాండవిలో వైద్యం మొదలుపెట్టారు. ధాన్యం గోదాములు, ఇరుకు గదులు, వాటి నిండా ఎలుకలు. మాండవి అప్పుడు అలా ఉండేది.

1896 సెప్టెంబరులో అక్కడ జ్వరం కేసులు వరసగా వచ్చాయి. కాలికి పుండు పడినా గజ్జల్లో బిళ్లలు కడతాయి కాబట్టి చాలామంది వాటిని పట్టించుకోరు. వియెగాస్ పట్టించుకున్నారు. ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, మనిషి నిలబడలేనంత నీరసం, ముట్టుకోనివ్వని బిళ్ల, ఈ మూడూ కలిసి ఉండడం చూసి ఇది ప్లేగేనని చెప్పారు.

ఆ మాట బయటికొస్తే రేవు వ్యాపారం దెబ్బతింటుంది. అందుకే సందేహించినవారు ఎక్కువ. నిపుణులు పరీక్షించాక ఆయన మాటే నిజమైంది. ప్రభుత్వం పిలిపించిన హాఫ్‌కిన్ గ్రాంట్ కాలేజీలోనే టీకా తయారుచేసి, 1897 జనవరిలో మొదట తానే వేయించుకున్నారు.

ఆసుపత్రికి వెళ్తే తిరిగి రారన్న భయంతో జనం రోగులను ఇళ్లలో దాచారు. లక్షల మంది నగరం విడిచిపోయారు. వియెగాస్ మాత్రం మురికివాడలను బాగుచేయాలని, ఎలుకలను నిర్మూలించాలని పోరాడారు. తర్వాత బొంబాయి కార్పొరేషన్ అధ్యక్షులయ్యారు. 1933లో కన్నుమూశారు. ధోబీ తలావ్‌లో ఆయన విగ్రహం ఉంది.

ప్లేగు పాతకాలపు మాట కాదు. 1994లో బీడ్ జిల్లాలో, సూరత్‌లో మళ్లీ కలకలం రేపింది. ఎలుకల మీది గోమారి కుట్టిన వారం లోపే సాధారణంగా చలితో జ్వరం వస్తుంది. గజ్జల్లో, చంకల్లో, లేదా మెడ దగ్గర నొప్పితో బిళ్ల లేస్తుంది. ఊపిరితిత్తులకు సోకితే దగ్గు, రక్తపు కఫం కనిపిస్తాయి. అప్పుడది తుంపరల ద్వారా పక్కవారికీ అంటుతుంది. ఇప్పుడు యాంటీబయాటిక్ మందులున్నాయి, కానీ ఆలస్యమైతే అవి కాపాడలేకపోవచ్చు.

చుట్టుపక్కల ఎలుకలు చచ్చిపడుతూ, ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే, మనం దాచకుండా వెంటనే డాక్టరుకు చూపిద్దాం.