చార్లెస్ డార్విన్ – మేనమామ చూపిన పొలము

సాలెపురుగు పిల్ల గ్రుడ్డు నుండి వెలువడినప్పుడు దానికి వల అల్లుట నేర్పు గురువు లేడు. అయినను అది తన తొలి వలను తన జాతి యల్లెడు తీరుననే అల్లును. దాని కన్నులు, కాళ్లు, దేహపు రంగు తల్లిదండ్రుల నుండి సంక్రమించినవని మనమెల్లరము ఒప్పుకొందుము. మరి దేహము వెలుపల, కొమ్మకును కొమ్మకును నడుమ గాలిలో ఊగుచున్న ఆ వల యెచ్చటి నుండి వచ్చినది? వంశపారంపర్యముగా వచ్చు సంపద చర్మముతోనే ముగియునా, లేక చర్మమును దాటి లోకములోనికి వ్యాపించునా?

ఈ ప్రశ్నకు తొలుత దారి చూపిన మహనీయులలో చార్లెస్ డార్విన్ అగ్రగణ్యుడు. ఆయన పేరు విన్నంతనే పెక్కురకు కోతి నుండి మనుష్యుడు పుట్టెనను మాట జ్ఞప్తికి వచ్చును. ఆయన అట్లనలేదు. నేటి కోతులకును మానవులకును ప్రాచీన కాలమున ఉమ్మడి పూర్వీకులుండిరని మాత్రమే ఆయన సిద్ధాంతము. మేము ఈ వ్యాసమున ఆ వివాదమును విడిచి, ఆయన చరిత్రను తక్కువగా తెలిసిన వైపు నుండి, అనగా వానపాముల వైపు నుండి, చెప్పదలచితిమి.

డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమున ష్రూస్‌బరీ పట్టణమునందు జన్మించెను. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుమోసిన వైద్యుడు. తల్లి సుసన్నా పింగాణి పాత్రల పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన వెడ్జ్‌వుడ్ వారి ఆడపడుచు. చార్లెసునకు ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. తల్లి లేని పిల్లవానికి మేనమామ యిల్లు చల్లని నీడ యగుట మనకు క్రొత్త కాదు. చార్లెసునకును అట్లే జరిగెను. తల్లి తోబుట్టువైన జొసయా వెడ్జ్‌వుడ్ మేర్ అను గ్రామమున నివసించుచుండెను. ఆ యిల్లు, ఆ తోట, ఆ పొలములు బాలునకు రెండవ పుట్టిల్లయ్యెను.

తండ్రి ఆతనిని వైద్యుని చేయగోరి 1825లో ఎడింబరో నగరమునకు పంపెను. మత్తుమందు లేని ఆ దినములలో ఒక పసిబిడ్డకు జరుగుచున్న శస్త్రచికిత్సను చూడలేక చార్లెస్ బయటికి పరుగెత్తెను. పిమ్మట మతాచార్యుడగుటకై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను గాని, అచ్చటను ఆతని మనస్సు పుస్తకములకంటె పేడపురుగుల వంటి పెంకుపురుగులను ఏరుటయందే లగ్నమై యుండెను. 1831లో బీగిల్ అను ఓడపై లోకమును చుట్టి వచ్చు అవకాశము లభించెను. తండ్రి అది పనికిమాలిన ప్రయాణమని ఎనిమిది ఆక్షేపణలు తెలిపెను. అప్పుడు మేనమామ ఆ యెనిమిదింటికిని ఒక్కొక్కటిగా సమాధానములు వ్రాసి, అంతటితో ఊరకుండక తానే బండిలో మేనల్లుని వెంటబెట్టుకొని బావగారి యొద్దకు వచ్చి ఒప్పించెను. ఆ పెద్దమనిషి ఆ దినమున బండి కట్టించి యుండనిచో జీవశాస్త్ర చరిత్ర మరియొక విధముగ నుండెడిది. ఓడ 1831 డిసెంబరు 27న బయలుదేరి 1836 అక్టోబరు 2న తిరిగి వచ్చెను.

మరుసటి సంవత్సరమే మేనమామ ఆతనికి మరియొక కానుక నిచ్చెను. ఆ కానుక ఒక ప్రశ్న. మేర్ గ్రామమున ఒక పచ్చిక పొలముపై కొన్ని యేండ్ల క్రిందట సున్నము, బొగ్గు కసవు చల్లిరి. ఎవరును దున్నలేదు, త్రవ్వలేదు. అయినను అవి కొన్ని అంగుళముల లోతున ఒక పొరవలె దిగిపోయినవి. ఇది వానపాముల పనియై యుండవలెనని మేనమామ ఊహించెను. అవి క్రిందిమట్టిని మ్రింగి, పైకి వచ్చి విడిచిపెట్టును. నిత్యమును పైకి వచ్చెడు ఆ మట్టి రాళ్లపై, సున్నముపై పేరుకొనగా అవి క్రమముగా లోనికి దిగిపోవును. ఐదేండ్లు ప్రపంచమంతయు చుట్టివచ్చి అగ్నిపర్వతములను, భూకంపములను చూచిన యువకుడు మామగారి పొలములో వంగి మట్టిని పరిశీలించెను. 1837 నవంబరు 1న లండనులోని భూగర్భశాస్త్ర సంఘమున ఈ విషయముపై వ్యాసము చదివెను.

1839 జనవరి 29న డార్విన్ ఆ మేనమామ కుమార్తెయైన ఎమ్మాను వివాహమాడెను. మన ప్రాంతములలో మేనరికము వాడుకలో నున్నదే కావున ఇందు వింత లేదు. అయితే ఈ సంబంధమే పిమ్మట ఆయన హృదయమును పట్టి పీడించు ప్రశ్నగా పరిణమించెను. 1842లో దంపతులు లండను విడిచి కెంటు మండలమున డౌన్ అను పల్లెకు చేరిరి. ఆయన శేష జీవితమంతయు అచ్చటనే గడచెను. పదిమంది బిడ్డలు కలిగిరి. వారిలో ఇరువురు పసితనముననే పోయిరి. ప్రాణమునకు ప్రాణమైన ఆనీ 1851 ఏప్రిల్ 23న పదేండ్ల ప్రాయమున మరణించెను. డార్విన్ స్వయముగా ఏండ్ల తరబడి ఉదర వ్యాధితో బాధపడిన మనుష్యుడు. తన రోగము బిడ్డలకు సంక్రమించెనేమో, దగ్గరి రక్తసంబంధము వారికి కీడు చేసెనేమో అను భయము ఆయనను విడువలేదు. జనాభా లెక్కలలో ఇట్టి వివాహములను గూర్చి ఒక ప్రశ్న చేర్పుమని 1870లో మిత్రుని ద్వారా పార్లమెంటును కోరించెను. సభ నిరాకరించెను. తల్లిదండ్రుల నుండి బిడ్డకు ఏమి సంక్రమించును, ఎట్లు సంక్రమించును అనునది ఆయనకు శాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు. అది ఒక తండ్రి రాత్రులు నిద్రలేక వేసికొన్న ప్రశ్న.

1859 నవంబరు 24న ఆయన మహాగ్రంథము జాతుల ఉత్పత్తి వెలువడెను. దానియందు సహజ ప్రవృత్తిని గూర్చి ఒక ప్రకరణము కలదు. మేము పైన వేసిన ప్రశ్నకు తొలి సమాధానము అందే యున్నది. తేనెటీగ పట్టులోని ఆరుపలకల గదులను చూచి పూర్వులు అవి గణితజ్ఞుని పనియని ఆశ్చర్యపడిరి. డార్విన్ మెట్లు వెదకెను. ఒక జాతి యీగ పొందికలేని గుండ్రని గదులు కట్టును. మెక్సికో దేశపు మెలిపోనా అను ఈగ నడిమి తరగతి పనితనము చూపును. తేనెటీగ పని యన్నిటికంటె మిన్న. కారణము మైనపు పొదుపు. ఆ కాలపు పరీక్షల ప్రకారము ఒక పౌను మైనము పుట్టుటకు ఈగలు పన్నెండు మొదలు పదునైదు పౌనుల పంచదార తినవలెను. కావున తక్కువ మైనముతో గట్టి గదులు కట్టిన కుటుంబము చలికాలమును దాటి నిలిచెను. వృథా చేసినది నశించెను.

ఇందొక చిక్కు కలదు. గదులు కట్టు పనికత్తె యీగలు సాధారణముగా పిల్లలను కనవు. వారి నేర్పు తరువాతి తరమునకు ఎట్లు చేరును? ఆ నేర్పునకు మూలమైన బీజము రాణి యీగలోను, మగ యీగలలోను దాగియుండి, కుటుంబము నిలిచినప్పుడు తానును నిలుచునని డార్విన్ గ్రహించెను. అనగా పట్టు ఈగ దేహములో భాగము కాకపోయినను, దాని రెక్కవలె, కొండివలె ప్రకృతి వరణమునకు లోబడినదే.

అయితే ఆ బీజ మెట్టిది? ఇచ్చట ఆ మహామేధావియు తడబడెను. దేహములోని ప్రతి భాగము నుండియు సూక్ష్మ కణికలు బయలుదేరి సంతాన బీజమున చేరునని 1868లో ఊహించెను. అది పొరపాటని పిమ్మట తేలెను. సరియైన సమాధానము అంతకు ముందే అచ్చుపడి యుండెను. బ్రున్ నగరమున గ్రెగర్ మెండెల్ అను సన్న్యాసి బటానీ మొక్కలపై చేసిన పరీక్షల ఫలితములను 1866లో ప్రకటించియుండెను. కాని ఆ వ్యాసము డార్విన్ కంటబడలేదు. ఇరువురును ఒకే కాలమున జీవించిరి, ఒకే తలుపును చెరియొక వైపు నుండి తట్టిరి. కాని కలిసికొనలేదు.

వృద్ధాప్యమున ఆయన మరల మేనమామ చూపిన ప్రశ్నకే వచ్చెను. వానపాములవంటి అల్పప్రాణులు అంతటి పని చేయజాలవని 1869లో ఒకరు ఆక్షేపించిరి. డార్విన్ వాదులాడలేదు. ఆయన కొలిచెను. 1842 డిసెంబరులో తన యింటి దాపుననున్న పొలములో సీమసుద్ద చల్లించియుండెను. ఇరువది తొమ్మిదేండ్లు ఓపికతో వేచి 1871 నవంబరులో కందకము త్రవ్వించెను. ఏడంగుళముల లోతున తెల్లని గీతవలె సుద్దపొర కనబడెను. పరీక్ష ముగియుటకు ఇరువది తొమ్మిదేండ్లు వేచిన వారెందరు! ఎకరమునకు ఏటికి పది టన్నులకు మించిన మట్టి అనేక తావులలో వానపాముల దేహముల గుండ పోవుచున్నదని ఆయన లెక్క గట్టెను. వానపాములు పైకి తెచ్చిన మట్టికుప్పలను దూరదేశముల నుండి గూడ తెప్పించుకొనెను. మన నీలగిరుల నుండి వచ్చినవానిలో నూరు గ్రాములకు మించిన కుప్పయు నుండెను.

ఆయన గదిలో మట్టికుండలయందు వానపాములు పెరిగెను. ఇల్లంతయు పరీక్షలో పాలుగొనెను. కుమారుడు ఫ్రాన్సిస్ బస్సూన్ అను వాద్యము నూదెను, ఎమ్మా పియానో వాయించెను. వానపాములు కదలలేదు, వానికి చెవులు లేవు. కాని కుండను పియానోపై నుంచి మీట నొక్కినంతనే కంపము తగిలి కలుగులలో దూరెను. రాత్రివేళ అవి కలుగు నోటిలోనికి ఆకులను లాగుకొని మూతపెట్టుకొనును. ఏ కొనను పట్టి లాగును? డార్విన్ కాగితమును త్రికోణములుగా కత్తిరించి 303 ముక్కలపై పరీక్షించెను. నూటికి 62 పాళ్లు సులభముగా దూరెడు మొనవైపు నుండియే లాగబడినవి. వానికి పుట్టుబుద్ధి యొక్కటియే కాక కొంత వివేకమును కలదని ఆయన అభిప్రాయపడెను. 1881 అక్టోబరులో ఈ పరిశోధనల గ్రంథము వెలువడెను. అదియే ఆయన చివరి పుస్తకము. 1882 ఏప్రిల్ 19న ఆయన డౌన్ గ్రామమున మరణించెను. దేశము ఆయనను వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున సమాధి చేసి గౌరవించెను.

తరువాతి కథ ఆయన చూడనిది. 1900లో మెండెల్ సూత్రములు మరల వెలుగు చూచెను. 1909లో డెన్మార్కు దేశీయుడైన యోహాన్సెన్ వంశపారంపర్య బీజమునకు జీన్ అని పేరిడెను. దానినే మనము జన్యువు అందుము. డార్విన్ మరణించిన సరిగా నూరేండ్లకు, 1982లో, రిచర్డ్ డాకిన్స్ తన గ్రంథమున విస్తృత దృశ్యరూపము అను భావమును ప్రతిపాదించెను. జన్యువు ఫలితము చర్మముతో ముగియదు. సాలెపురుగు వలయు, ఏటికి అడ్డముగా బీవరు అను జంతువు కట్టు కట్టయు, దాని వలన ఏర్పడు చెరువును గూడ జన్యువు ఫలితములే యని ఆయన వాదము.

దీనికి పరీక్షచే నిదర్శనము కలదా? కలదు. అమెరికాలో ఒక ఎలుక జాతి పొడవైన కలుగును, అపాయ కాలమున పారిపోవుటకు రెండవ సొరంగమును త్రవ్వును. దాని దగ్గరి చుట్టమైన మరియొక జాతి పొట్టి కలుగు మాత్రమే త్రవ్వును. ఈ రెండిటిని సంకరము చేసి, పుట్టిన పిల్లలు త్రవ్విన కలుగులను కొలిచి, సొరంగపు పొడవును మార్చునట్టి కొద్దిపాటి జన్యుభాగములను శాస్త్రజ్ఞులు 2013లో గుర్తించిరి. ఆ పిల్లలు పంజరములలో పెరిగినవి. కలుగెట్లుండునో ఎన్నడును చూచినవి కావు.

అయితే చదువరులు ఒక హద్దును గుర్తుంచుకొనవలెను. ప్రాణి లోకముపై వేయు ప్రతి ముద్రయు ఈ కోవలోనికి రాదు. బురదలో పడిన కాలిజాడ మంచిదైనను చెడ్డదైనను, ఆ జాడ వలన జన్యువు నిలుచుట గాని నశించుట గాని లేదు. వలలోని తేడా సాలెపురుగు ఆకలిని తీర్చును లేదా తీర్చదు, కావున వల లెక్కకు వచ్చును. వానపాము తన ప్రాణరక్షణకై చేసికొన్న కలుగు, ఆకు మూత ఈ కోవకు చెందవచ్చును. దేశమంతట పరచుకొన్న సారవంతమైన మట్టి మాత్రము ఆ పనికి తోడుగా వచ్చిన ఫలమనుటయే న్యాయము.

తన బిడ్డలకు ఏమి సంక్రమించెనోయని కలతపడిన ఆ తండ్రికి సమాధానము దొరకలేదు. కాని ప్రశ్నను విడువక, పెద్ద మాటలు పలుకక, ఒక్కొక్క అంగుళము కొలిచినందున మనకు దారి దొరకెను. విద్యార్థులారా, వాన వెలిసిన మరునాటి యుదయమున మన పాఠశాల మైదానమున గడ్డి మొదళ్ల యొద్ద చిన్న చిన్న మట్టి ఉండల కుప్పలు కనబడును. వానిని కాలితో చెరుపక, ఒక్క నిముసము వంగి చూడుడు. డార్విన్ నలువది నాలుగేండ్లు చూచినది దానినే.